పికప్, మైలేజీ, పనితనం

పాత కారు కొన్నవాణ్ణి మా వైపు మూడు ప్రశ్నలు అడుగుతారు. మైలేజీ ఎంతిస్తోంది? పికప్ ఎలా ఉంది? అమ్మితే ఎంతొస్తుంది? నా దగ్గరున్నది 2002 నాటి ఫియట్ పాలియో 1.6. ఏపీ 16 నంబరు, అంటే ఒకప్పటి కృష్ణా జిల్లా రిజిస్ట్రేషన్. ఆ మూడింట్లో రెండో ప్రశ్నకు మాత్రమే నేను ఉత్సాహంగా జవాబు చెప్పగలను. మిగతా రెండూ అడిగితే టీ చెప్పి మాట మారుస్తాను.

కార్ల పత్రికలు దీన్ని 'హాట్ హ్యాచ్' అనే జాతిలో చేరుస్తాయి. చిన్న కుటుంబం కోసం చేసిన మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో దాని ఒంటికి మించిన ఇంజన్ పెడితే అది హాట్ హ్యాచ్. ఈ ఆలోచనకు ప్రపంచమంతటా పేరు తెచ్చింది 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో ఫోక్స్‌వాగన్ చూపించిన గోల్ఫ్ జీటీఐ. 1.6 లీటర్ల ఇంజన్, 110 హార్స్‌పవర్, బరువు 810 కిలోలు. వారమంతా పిల్లల్ని బడిలో దింపే కారే ఆదివారం పొద్దున్నే రేసుకారు వేషం కడుతుంది. ధర రేసుకారుది కాదు, వేగం మాత్రం దానికి దగ్గర్లో ఉంటుంది.

ఇలాంటి కారుని పాతబడ్డాక కొని, దానికి అదీ ఇదీ మార్పించుకోవడం పిల్లచేష్ట అని నా స్నేహితుల్లో సగంమంది అభిప్రాయం. యూట్యూబ్ చూసి వచ్చిన సరదా అంటారు. నాకలా అనిపించదు. బెజవాడలో బండి మార్చడం నిన్నమొన్నటి సరదా కాదు, ఈ ఊరి ముఖ్యమైన వృత్తుల్లో ఒకటి. కంపెనీ నుంచి వచ్చిన బండిని పూర్తయిన వస్తువుగా ఈ ఊరు ఎన్నడూ చూడలేదు. కాకపోతే, ఎందుకు మారుస్తున్నావయ్యా అంటే చాలాకాలం ఒకటే జవాబుండేది: ఖర్చు తగ్గడానికి, లేదా రాబడి పెరగడానికి. పాలియో లాంటి కార్లు వచ్చాక ఇంకో జవాబు వినిపించింది. పెర్ఫార్మెన్స్ మీద మేం గంటలకొద్దీ చేసే వాదనలు ఈ రెండు జవాబుల మధ్య తగువే.

బొగ్గు బస్సు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలుకి రేషన్ వచ్చింది. అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన కోస్తా జిల్లాల్లో ప్రైవేటు బస్సులు ఆగిపోకుండా ఆదుకున్నది కట్టెబొగ్గు. బస్సుకి ఒక ఇనప పొయ్యి బిగించేవారు. గాలి చాలకుండా బొగ్గుని మండిస్తే, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉండే వాయువు పుడుతుంది. దాన్ని చల్లార్చి, మసి వడగట్టి, పెట్రోలు ఆవిరి బదులు ఇంజన్‌లోకి పంపేవారు. బండి కదలడానికి చాలాముందే నిప్పు రాజెయ్యాలి. దారిలో బూడిద దులపాలి, మళ్లీ బొగ్గు వెయ్యాలి.

దీనివల్ల ఇంజన్ శక్తి మూడోవంతు నుంచి సగం దాకా పడిపోతుంది. కాలవ వంతెన ఎక్కలేక బస్సు నీరసపడితే జనం దిగి తోసేవారని పెద్దవాళ్లు చెప్పే కథలు ఈ ప్రాంతంలో చాలామంది వినే ఉంటారు. డెల్టా చదునుగా ఉండబట్టి సరిపోయింది.

నేను చెప్పే వరసలో మొదటి మార్పు ఇది. ఇందులో పెర్ఫార్మెన్స్ పెరగలేదు, సగం దాకా తగ్గింది. అయినా ఆ పొయ్యి బిగించినవాణ్ణి జనం గొప్ప పనివాడనే అన్నారు. బండి తిరుగుతోంది, టిక్కెట్టు తెగుతోంది. అప్పటి కొలమానం అదే.

బస్సు పోయి లారీ వచ్చె

1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. కృష్ణా జిల్లా బస్సు రూట్లను ప్రైవేటు వాళ్ల చేతుల్లోంచి తీసుకుని ఆ సంస్థకు అప్పగించే పథకం ప్రభుత్వం తెచ్చింది. బస్సు యజమానులు ఊరుకోలేదు. గుళ్లపల్లి నాగేశ్వరరావు, మరికొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. లా చదివినవాళ్లకు ఈ పేరు వెంటనే గుర్తొస్తుంది. ఆ ఏడాది నవంబరు 5న మెజారిటీ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ కోకా సుబ్బారావు. అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ చూసే కార్యదర్శి, ఆమోదించింది ముఖ్యమంత్రి. వినేది ఒకరు, తేల్చేది ఇంకొకరు అయితే ఆ విచారణకు అర్థం లేదని కోర్టు పథకాన్ని కొట్టేసింది. దేశంలో పాలనా న్యాయం పాఠాల్లో ఇప్పటికీ ఈ కేసు వస్తుంది.

గెలుపు మాత్రం ఎంతోకాలం నిలవలేదు. ఈసారి ముఖ్యమంత్రే స్వయంగా అభ్యంతరాలు విని ఆమోదించారు. యజమానులు మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్తే 1959లో ఓడిపోయారు. జిల్లాలో ప్రైవేటు బస్సుల కాలం అలా ముగింపుకొచ్చింది.

బస్సు పోయినా కొన్ని మిగిలాయి. పెట్టుబడి పెట్టే అలవాటు మిగిలింది. డ్రైవర్లు, మేస్త్రీలు మిగిలారు. నా ఊహ ఏంటంటే, ఆ మిగిలినదంతా లారీల వైపు నడిచింది. ఊరు ఉన్న చోటు కూడా అలాంటిదే. మద్రాసు–కలకత్తా రోడ్డూ, హైదరాబాదు నుంచి బందరు వెళ్లే రోడ్డూ ఇక్కడే కలుస్తాయి. పక్కనే పెద్ద రైల్వే జంక్షను. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. కింద లక్షల ఎకరాల మాగాణి. వడ్లు, మినుములు, చెరకు, నూజివీడు మామిడి, ఏది పండినా ఎక్కడికో ఒకచోటికి మోయాల్సిందే.

1954 నుంచి టెల్కో కంపెనీ జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేసింది. 1969 దాకా ఆ లారీల ముందు బెంజ్ నక్షత్రం ఉండేది. బెజవాడ బెంజ్ సర్కిల్‌కి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పే కథలు ఒకటికి మించి ఉన్నాయి. ఏ కథ నమ్మినా, రెండు జాతీయ రహదారులు కలిసే కూడలిని జనం ఒక బండి కంపెనీ పేరుతో పిలుచుకున్నారన్నది మాత్రం నిజం.

సగం బండి

1966లో పటమట దగ్గర జవహర్ ఆటోనగర్ మొదలైంది. ఊళ్లో రోడ్ల పక్కన, చెట్లకింద చెదురుమదురుగా ఉన్న రిపేరు షెడ్లకి ఒక ఊరంత చోటు దొరికింది. ఆటోనగర్ అనే మాట తర్వాత తెలుగు నేల మీద ఎన్నో ఊళ్లకు పాకింది.

ఆ రోజుల్లో లారీ కొనడమంటే ఏమిటో ఇప్పటి కార్ల షోరూములు చూసినవాళ్లకు ఊహకందదు. కంపెనీ ఇచ్చేది చాసిస్. ఇంజన్, గేరుబాక్సు, ఇరుసులు, చక్రాలు, పొడుగాటి ఇనప చట్రం, అంతే. డ్రైవరు దాని మీద ఒక చెక్కపెట్టె వేసుకుని కూచుని, మొహానికి తుండుగుడ్డ చుట్టుకుని, ఎండలో వందల కిలోమీటర్లు తోలుకొచ్చేవాడు. మిగతా సగం బండి ఆటోనగర్‌లో పుట్టేది. వడ్రంగి చెక్క బాడీ కట్టేవాడు. కమ్మరి ఇనప పట్టీలు వేసేవాడు. టింకరు క్యాబిన్ రేకు వంచేవాడు. కుషన్ వర్క్స్‌లో సీట్లు, కమాన్ షాపులో స్ప్రింగుకట్టలు, చివర్లో పెయింటరు చేతి అక్షరాలు. ఒకే కంపెనీ చాసిస్ మీద కట్టిన రెండు లారీలు ఒకేలా ఉండేవి కావు.

ఇక్కడ 'ఒరిజినల్' అనే మాటకు అర్థమే వేరు. కార్ల అభిమానులకు ఒరిజినల్ అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఉన్నది. లారీ విషయంలో, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఉన్నది రోడ్డు మీద పనికే రాదు. అది ముడిసరుకు.

లారీ యజమాని మనసులో పెర్ఫార్మెన్స్ అంటే టన్నులు. ఒక కమాన్ పట్టీ ఎక్కువ వేయిస్తే రెండు టన్నులు ఎక్కువ ఎక్కించొచ్చని లెక్క. ఈ లెక్కలో చీకటికోణం కూడా ఉంది. స్ప్రింగు మోస్తుంది సరే, బ్రేకు మొయ్యదు. బరువు రెట్టింపైతే, అదే వేగంలో ఆపాల్సిన శక్తి కూడా రెట్టింపు. ఇరుసులు విరిగి, బ్రేకులు ఫెయిలై పోయిన ప్రాణాలు ఏ ఖర్చు పుస్తకంలోకీ ఎక్కలేదు. మార్పు అనగానే పొగడలేం. ఈ ఊరి పనితనానికి ఈ మచ్చ కూడా ఉంది.

అంబాసిడర్ గుండె, మారుతి వ్యాను ఊపిరి

కార్ల దాకా వచ్చేసరికి మార్చే కారణం మారలేదు. అంబాసిడర్ పెట్రోలు ఇంజన్ తీసేసి, మటడార్ వ్యాను డీజిల్ ఇంజన్ ఎక్కించడం దేశంలో చాలాచోట్ల జరిగినట్టే ఇక్కడా జరిగింది. డీజిల్ చవక, ట్యాక్సీకి రోజూ తిరగాలి. ఇంజన్ వణికేది, డోర్లు గలగలలాడేవి, పికప్ ఎద్దుబండితో పోటీ పడేది. పర్లేదు, కిలోమీటరుకి పైసలు మిగిలేవి.

తర్వాత మారుతి వ్యానులు వచ్చాయి. వాటిలో వంటగ్యాస్ సిలిండరు పెట్టి నడపడం మొదలైంది. సీటు వెనక సిలిండరు, పక్కన స్కూలు పిల్లలు. చట్టం దృష్టిలో నేరం, చాలామంది కళ్ల ముందే జరిగే వ్యవహారం. 2000లో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ని సవరించి, అనుమతి పొందిన కిట్లతో గ్యాస్‌కి మార్చుకోవడానికి దారి ఇచ్చారు. ముందు జనం చేసేశారు, చట్టం వెనకాల వచ్చింది. బొగ్గు బస్సు నుంచి గ్యాస్ వ్యాను దాకా అరవై ఏళ్ల కథ ఇది. ఇందులో ఎక్కడా వేగం కోసం మార్చిన బండి నాకు కనపడదు.

వంద గుర్రాలు

2001లో పాలియో మన దేశంలోకి వచ్చింది. అది పుట్టింది బ్రెజిల్‌లో, 1996లో. గతుకుల రోడ్లున్న దేశాల కోసమే ఫియట్ తయారుచేసిన కారు. మనకు వచ్చేసరికి జుజారో చేతిలో మొహం మార్చుకుని వచ్చింది. ఇక్కడ తయారైంది ముంబై కుర్లా ఫ్యాక్టరీలో. దశాబ్దాల పాటు ప్రీమియర్ పద్మినీలు బయటికొచ్చిన గేటు అదే. సచిన్ టెండూల్కర్ ప్రచారం చేశాడు. అతని పేరు మీద ఎస్10 అనే పరిమిత సంఖ్య మోడల్ కూడా వచ్చింది.

మామూలు పాలియోలో 1242 సీసీ ఇంజన్. 1.6 జీటీఎక్స్‌లో మాత్రం 1596 సీసీ, 16 వాల్వులు, 100 హార్స్‌పవర్. అప్పట్లో మధ్యతరగతి ఇంటి ముందు కనిపించే పాత మారుతి జెన్‌కి 993 సీసీ, 50 హార్స్‌పవర్. చిన్నకారులోనే రెట్టింపు బలం! మన లెక్కల మనసుకి ఇది అన్యాయంగా తోచింది. చిన్నకారు కొనేదే పెట్రోలు ఆదా కోసమైతే, అంత తాగే చిన్నకారు దేనికి?

ప్రభుత్వానికీ అదే తోచినట్టుంది. 2006 బడ్జెట్‌లో చిన్నకార్ల మీద ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్నకారు అంటే నిర్వచనం: పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజన్ 1200 సీసీ దాటకూడదు. ఈ రెండో షరతుతో పెద్ద ఇంజన్ ఉన్న చిన్నకారు అనే ఆలోచన మన దేశంలో ఖరీదైన తప్పయిపోయింది. 2005లో 1298 సీసీ ఇంజన్‌తో వచ్చిన స్విఫ్ట్ కూడా 2010లో 1200 లోపలికి దిగింది. తర్వాత వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ 1197 సీసీలోనే టర్బో పెట్టుకుని గీతకు ఇవతలే నిలబడింది. అందుకే పాలియో 1.6 లాంటివి ఒక చిన్న కిటికీలోంచి వచ్చి పడ్డ కార్లు. ఆ కిటికీ తర్వాత మూసుకుపోయింది.

నేను దీన్ని కొన్నది 2014లో, గుడివాడలో ఒక రిటైరైన లెక్చరరు దగ్గర. పన్నెండేళ్లు జాగ్రత్తగా వాడారు. తాళం చేతికిస్తూ ఆయన చెప్పింది ఒకటే: "మూడో గేర్లో దీన్ని మర్చిపోవద్దు."

టీ బడ్డీ దగ్గర లెక్కలు

మా వాదనల సభ ఆటోనగర్‌లో ఒక టీ బడ్డీ. సభ్యుల్లో మా బావ ఒకడు, అతనిది 2006 నాటి స్విఫ్ట్. ఇంకొక స్నేహితుడిది పోలో టీఎస్ఐ. దానికి ఇంజన్ కంప్యూటరు రీమ్యాప్ చేయించాడు. మూడోవాడిది పాత జెన్.

"నీ వంద గుర్రాల్లో పాతిక ఈపాటికి ముసలివైపోయుంటాయి బావా" అంటాడు మా బావ.

"నీవి ఎనభయ్యేడు. అందులో ఇరవై ఏసీకే సరిపోతాయి" అంటాను నేను.

సరదా పక్కన పెడితే, ఈ వాదనలో అసలు లెక్కలున్నాయి. మొదటిది, గుర్రాలు ఎన్ని అన్నది ఒక్కటే చాలదు, ఎంత బరువు లాగుతున్నాయన్నది చూడాలి. గోల్ఫ్ జీటీఐకి టన్నుకి 136 హార్స్‌పవర్ పడుతుంది. జెన్ బరువు 765 కిలోలు, టన్నుకి 65. పాలియో టన్ను పైన ఉంటుంది కాబట్టి వందకు కొంచెం తక్కువ. యూరప్ కొలతల్లో మాది హాట్ కాదు, గోరువెచ్చన. మన రోడ్ల మీద, మన కార్ల మధ్య మాత్రం వేడే.

రెండోది గాలి. ఇంజన్ పెట్రోలుని మాత్రమే కాదు, గాలిని కూడా తింటుంది. టర్బో లేని ఇంజన్ దానంతటది పీల్చుకోగలిగినంతే పీలుస్తుంది. కాబట్టి నా కారుకి రీమ్యాప్ చేయించినా ఒరిగేది కొంచెమే. పోలోలో టర్బో గాలిని ఒత్తిడితో తోస్తుంది. కంప్యూటరుకి చెప్పి ఆ ఒత్తిడి పెంచితే బలం అమాంతం పెరుగుతుంది. ఆ వాదనలో పోలోవాడు గెలిచాడు, ఒప్పుకోవాల్సిందే.

మూడోది బెజవాడ ఎండ. ఈ ఊరిని బ్లేజ్‌వాడ అని ఊరికే అనరు. గాలి వేడెక్కితే పలచబడుతుంది. జనవరి పొద్దున 20 డిగ్రీల గాలితో పోలిస్తే, రోహిణికార్తె మధ్యాహ్నం 45 డిగ్రీల గాలి ఎనిమిది శాతం దాకా పలచన. అంటే మే నెలలో నా వంద గుర్రాల్లో ఏడెనిమిది ఎండకే పడిపోతాయి. ఇది తెలియక కొందరు పైపైన కనిపించే కోన్ ఫిల్టరు పెట్టిస్తారు. గాలి ధారాళంగా వస్తుంది, కానీ వచ్చేది బానెట్ కింద కాగిన గాలి. చప్పుడు పెరుగుతుంది, పరుగు తగ్గుతుంది. చప్పుడు వింటే వేగం పెరిగినట్టే ఉంటుంది, అదే చిక్కు.

నాలుగోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, రోడ్డు. పత్రికలు సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు అని కొలుస్తాయి. డెల్టాలో ఆ కొలత దేనికీ పనికిరాదు. ఇక్కడ బండి పెర్ఫార్మెన్స్ తేలేది కరకట్ట మీద, గడ్డిమోపులతో రోడ్డంతా ఆక్రమించిన ట్రాక్టరు వెనక. ఎదుట నుంచి ఆటో వస్తోంది. నలభై నుంచి ఎనభైకి ఎంత త్వరగా, ఎంత నిబ్బరంగా పోతావు? పోలేననిపిస్తే ఎంత దూరంలో ఆగుతావు? కింద నల్లరేగడి. వానకి ఉబ్బి, ఎండకి ముడుచుకునే నేల, దాని మీద రోడ్డు అలలు తిరుగుతుంది. ఒక పక్క కాలవ. కారు కాలవలో పడింది అనే వార్త లేని ఏడాది ఈ జిల్లాల్లో ఉండదు.

మా మేస్త్రీకి ఈ సంగతి మా కంటే బాగా తెలుసు. ఆయన లారీ ఇంజన్లు బోరింగ్ చేసే లేత్ షాపులో పని నేర్చుకున్నవాడు. సిలిండరు అరిగితే ఎంత కోసి ఎంత పెద్ద పిస్టన్ వెయ్యాలో, హెడ్డు వంగితే ఎంత సన్నగా ఫేసింగ్ చెయ్యాలో వేలితో తడిమి చెబుతాడు, తర్వాత మైక్రోమీటరు పెడితే అంతే వస్తుంది. హెడ్డు కొంచెం ఎక్కువ కోయించి కంప్రెషన్ పెంచుదామా అని నేనడిగినప్పుడు ఆయన ఒప్పుకోలేదు.

"అలా చేస్తే మన పెట్రోలుకి నాకింగ్ వస్తుంది బాబూ. అయినా దానికి ఉరకడం వచ్చు. ముందు ఆగడం నేర్పిద్దాం."

ఆ ఏడాది నేను పెట్టిన డబ్బంతా డిస్కులకి, ప్యాడ్లకి, బ్రేకు హోసులకి, కంపెనీ చెప్పిన సైజు మంచి టైర్లకి, సస్పెన్షన్ బుష్షులకి పోయింది. కారు ఒక్క సెకను కూడా వేగం పెరగలేదు. అవనిగడ్డ రోడ్డు మీద గమ్యం చేరే టైము మాత్రం తగ్గింది. బండి మీద నమ్మకం కుదిరితే అనవసరంగా బ్రేకు మీద కాలు పడదు. ఇది పెర్ఫార్మెన్స్ కిందికి వస్తుందా రాదా అన్నది మా సభలో ఇంకా తేలలేదు.

కాగితం మీది కారు

2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఒక తీర్పిచ్చింది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం 52వ సెక్షన్ ప్రకారం కుదరదని చెప్పింది. అదే ఏడాది వచ్చిన చట్ట సవరణలో 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చు.

ఈ తీర్పు మీద కోపం తెచ్చుకోవడం తేలిక. ఎక్కువైన కమాన్ పట్టీలు, స్కూలు వ్యానులో వంటగ్యాస్, అర్ధరాత్రి వీధిలో తుపాకీలా పేలే సైలెన్సర్లు, ఎదుటివాడి కళ్లు పోగొట్టే లైట్లు గుర్తొస్తే కోపం చల్లారుతుంది. రోడ్డు అందరిదీ. నా సరదా మూల్యం పక్కవాడు చెల్లించకూడదు.

కానీ ఒక మాట చెప్పాలి. చట్టం ఒక బొమ్మ గీసుకుంది. అందులో కంపెనీయే బండికి కర్త, యజమాని కేవలం వాడుకునేవాడు, మేస్త్రీ కంపెనీ చెప్పినట్టు చేసేవాడు. సగం బండి కొని మిగతా సగం కట్టుకున్న ఊళ్లో ఈ బొమ్మ ఎప్పుడూ నిజం కాదు. లారీ బాడీ మేస్త్రీ కూడా కర్తే. తప్పు చేస్తే శిక్షించాలి సరే, మంచి పని చేసినవాణ్ణి గుర్తించే దారి కూడా ఉండాలి కదా. బ్రేకు మెరుగుపరిచినవాడూ, సైలెన్సరు పీకేసినవాడూ కాగితం మీద ఒకే వరసలో నిలబడే అవకాశం ఉన్నంతకాలం, జాగ్రత్తపరుడు భయపడతాడు, తెగించినవాడు తిరుగుతాడు. జర్మనీలో మార్పు చేసిన కారుని ఇంజనీరు పరీక్షించి, సురక్షితమని తేలితే కాగితాల్లో నమోదు చేసే పద్ధతి ఉంది. అలాంటి పరీక్షకి నిలబడగల పనివాళ్లు ఆటోనగర్‌లో ఉన్నారని నేను పూచీ పడగలను.

పాత కారుకి ఇంకో కాగితం కూడా ఉంది. పదిహేనేళ్లకి రిజిస్ట్రేషన్ అయిపోతుంది, ఆపైన అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. నా కారుకి 2017లో ఒకసారి, 2022లో ఇంకోసారి అయింది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ ఫీజు 600 నుంచి 5,000 అయింది. మళ్లీ 2027లో వెళ్లాలి. ప్రతిసారీ ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తి చూస్తుంటే, డాక్టరు గది బయట కూచున్నట్టుంటుంది నాకు.

పొలం నుంచి ట్యాంకులోకి

ఈమధ్య కారుని మార్చింది నేను కాదు, పెట్రోలు బంకు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలుతో పోలిస్తే మూడోవంతు తక్కువ. అయిదో వంతు కలిపితే మొత్తం మీద ఆరేడు శాతం తగ్గుతుంది. 2021లో నీతి ఆయోగ్ నివేదిక కూడా పాత తరహా కార్ల మైలేజీ గురించి దాదాపు ఇదే అంకె చెప్పింది. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ కాబట్టి నాకింగ్ తగ్గుతుంది. పాత రబ్బరు గొట్టాలకీ సీళ్లకీ మాత్రం అది పడదు. మా మేస్త్రీ వాటన్నిటినీ ఒక్కొక్కటిగా ఇథనాల్‌ని తట్టుకునే రకానికి మార్చుకుంటూ వస్తున్నాడు.

ఆ ఇథనాల్ చెరకు నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి వస్తుంది. డెల్టాలో వరి కోసిన మాగాణిలో దున్నకుండానే మొక్కజొన్న వేసే పద్ధతి ఇప్పుడు మామూలైంది. ఉయ్యూరు చుట్టుపక్కల చెరకు ఎప్పటి నుంచో ఉంది. ఎనభై ఏళ్ల కిందట ఈ దారుల్లోనే చెట్టు కొమ్మని బొగ్గు చేసి బస్సు నడిపారు. ఇప్పుడు పంటని సారా చేసి కారు నడుపుతున్నాం. రెండుసార్లూ పికప్ తగ్గింది, రెండుసార్లూ మేస్త్రీ పని పెరిగింది.

పెర్ఫార్మెన్స్‌కి తెలుగు ఏమిటని నిఘంటువు చూస్తే పనితీరు, పనితనం అని కనిపిస్తాయి. మొదటిది బండిది. రెండోది మనిషిది. ఆటోనగర్‌లో ఎవరూ "ఈ కారు పనితనం బాగుంది" అనరు. "ఎవరి పనితనం ఇది?" అని అడుగుతారు. పెర్ఫార్మెన్స్ గురించి ఇన్నేళ్లు వాదించాక నాకు నచ్చిన కొలత ఇదే. గోల్ఫ్ జీటీఐ నుంచి పోలో దాకా గొప్ప కార్లన్నిటినీ ఎన్ని సెకన్లు అని అడగొచ్చు. ఇరవై ఏళ్లు దాటిన పాలియోని మాత్రం, ఇంకా ఇలా నడుస్తోందంటే ఎవరెవరి చేతులు పడ్డాయి అని అడగాలి.

రేపు వచ్చేవి ఎలక్ట్రిక్ బండ్లు. వాటిలో బోరింగ్ లేదు, హెడ్డు ఫేసింగ్ లేదు, సైలెన్సరే లేదు. సున్నా నుంచి వందకి మా సభలోని కార్లన్నిటినీ అవి చిత్తుగా ఓడిస్తాయి. వాటి తాళాలు మాత్రం కంపెనీ సాఫ్ట్‌వేర్ దగ్గరుంటాయి. లేత్ మీద పాతికేళ్లు నిలబడ్డ చేతులకు అక్కడ చోటుంటుందా? మా మేస్త్రీ కొడుకు ప్రస్తుతం ఈ-రిక్షా బ్యాటరీ ప్యాకులు విప్పి, పాడైన సెల్లులు వెతికి మారుస్తున్నాడు. కంపెనీ పుస్తకంలో ఆ పని లేదట. ఎవరు నేర్పారని అడిగితే, "విప్పితే తెలిసింది అన్నా" అన్నాడు.